మీ బండికి ఉన్నట్టుండి స్పీడు పెరిగిందా? అయితే ఒకసారి షాపుకి రండి

దసరా తర్వాత నా దగ్గర మడిచే ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నవాళ్ళకి ముందుగా ఒక మాట. హ్యాండిల్ మడత కింద పంచ్ కొట్టిన నంబరు చూడండి. అది 61 నుంచి 88 లోపు ఉంటే, మీ బండికి నేను పెట్టిన మోటారు మంచిది కాదు. మొత్తం 28 బండ్లు. అన్నిటికీ మోటారు మార్చి ఇస్తాను, పైసా తీసుకోను. 60 లోపు నంబర్లవాళ్ళకి ఏ టెన్షనూ అక్కర్లేదు. అయినా మీరూ చదవండి. ఈ విషయం మీద వైజాగ్‌లో ఇప్పటికే రెండు మూడు కథలు తిరుగుతున్నాయి, అసలుది నా నోట వింటే మంచిది.

ఇది బయటపడింది ఒక లెక్కల మాస్టారి వల్ల. ఆయన ఇల్లు కొండవాలు మీద, చివర రెండు వందల మీటర్లు నిట్టనిలువు రోడ్డు. సంక్రాంతి వెళ్ళాక వచ్చి, "బండికి స్పీడు పెరిగిందండీ, కానీ మా ఎత్తు ఎక్కట్లేదు" అన్నారు. నేను నవ్వాను. నీరసపడ్డ మోటారు వేగంగా తిరగడమేమిటి? బెల్టు బిగించి పంపేశాను. రెండు వారాలకి మళ్ళీ వచ్చారు. కంట్రోలర్ (మోటారుకి కరెంటు ఎంత వెళ్ళాలో చూసే పెట్టె) సెట్టింగులు చూసి, అంతా బాగానే ఉందని చెప్పి పంపాను. మూడోసారి వచ్చినప్పుడు మాత్రం నోరు జారాను. "వెనకాల ఎవరినైనా ఎక్కించుకుంటున్నారా మాస్టారూ?" అని అడిగాను, అదీ షాపులో నలుగురి ముందు.

ఆయన ఏమీ అనలేదు. జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి కౌంటర్ మీద పెట్టారు. రోజూ సాయంత్రం ఎత్తు ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో, చదును రోడ్డు మీద ఎంత స్పీడు వచ్చిందో రెండు వరసల్లో రాసుకున్నారు. నవంబరులో ఎత్తుకి 2 నిమిషాల 10 సెకన్లు, చదును మీద 24. జనవరి చివరికి 2 నిమిషాల 50 సెకన్లు, చదును మీద 27. రెండు వరసలూ ఒకే వారంలో కదలడం మొదలెట్టాయి. పదేళ్ళు రేడియో కంట్రోల్ విమానాలు ఎగరేసినవాణ్ణి, ఆ కాగితం చూసేదాకా నాకు తట్టలేదు. తప్పు నాది మాస్టారూ. షాపులో చెప్పాను, ఇక్కడ అందరి ముందూ చెబుతున్నాను.

అసలు జరిగిందేమిటంటే, మన బండికి పెట్టేది విమానం బొమ్మలకి వాడే బ్రష్‌లెస్ మోటారు (లోపల కార్బన్ బ్రష్‌లు ఉండవు). 6374 అంటారు, అంటే 63 మిల్లీమీటర్ల లావు, 74 పొడవు. దీనికి పై డబ్బానే తిరుగుతుంది. ఆ డబ్బా లోపలి గోడకి 14 అయస్కాంతాలు ఎపాక్సీతో అంటించి ఉంటాయి. రాగి చుట్టలు మధ్యలో కదలకుండా ఉంటాయి. మోటారు మీద 140 కేవీ అని ఉంటుంది. అది కిలోవోల్టులు కాదు (నెలకొకరు అడుగుతారు), ఒక్కో వోల్టుకి నిమిషానికి 140 చుట్లు అని. బ్యాటరీ 26 వోల్టులు, బెల్టు ఒకటికి అయిదు (మోటారు అయిదు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు), చక్రం ఎనిమిది అంగుళాలు. లెక్క కట్టుకోండి, చక్రం గాల్లో ఉంటే గంటకి 28, మనిషి ఎక్కితే 24 వస్తుంది. రిజిస్ట్రేషన్ అక్కర్లేని బండికి మోటారు పావు కిలోవాట్ లోపు, స్పీడు 25 లోపు ఉండాలని రూల్. సాఫ్ట్‌వేర్ లాక్ పెడితే మన కుర్రాళ్ళు రెండు రోజుల్లో విప్పేస్తారు. అందుకే నేను పళ్ళ చక్రాలతోనే కట్టేశాను. దాని గురించి మీ అందరి దగ్గరా ఎన్నిసార్లు గొప్పలు చెప్పుకున్నానో మీకు తెలుసు.

తిరిగే మోటారు తనే ఎదురు వోల్టేజి పుట్టిస్తుంది. అది బ్యాటరీ వోల్టేజి దగ్గరకి వచ్చేదాకా వేగం పెరుగుతూ పోతుంది. అయస్కాంతం సత్తువ తగ్గితే ఆ ఎదురు వోల్టేజి తగ్గుతుంది, కాబట్టి మోటారు ఇంకా జోరుగా తిరుగుతుంది. కానీ ఒక్కో ఆంపియరుకి వచ్చే లాగుడు పడిపోతుంది. చదును మీద సంబరం, ఎత్తులో నీరసం. మాస్టారి రెండు వరసల్లో ఉన్నది ఇదే.

ఆ రాత్రే ఆయన మోటారు విప్పాను. డ్రిల్లింగ్ మెషిన్‌కి షాఫ్టు బిగించి నిమిషానికి వెయ్యి చుట్లు తిప్పి, మూడు వైర్లలో రెండిటికి మల్టీమీటర్ పెట్టాను. 140 కేవీ మోటారుకి 5 వోల్టులు రావాలి, 4.3 వచ్చింది. అదే పెట్టెలోని కొత్త మోటారు తీసి తిప్పితే సరిగ్గా 5.0. ఇక్కడే నేను మోసపోయాను. సరుకు వచ్చినరోజు కూడా నేను ఇలాగే చూసుకున్నాను, అన్నీ 5.0 చూపించాయి. చల్లగా ఉన్నప్పుడు దానికి ఏ రోగమూ లేదు.

అప్పుడు ఆ కొత్త మోటారునీ, పాత స్టాకులో మిగిలిన ఒకదాన్నీ పక్కపక్కన మా ఇంట్లో ఓటీజీలో పెట్టాను. 110 డిగ్రీలు, గంటసేపు. మా ఆవిడ కేకులు చేసుకునే ఓటీజీ అది, ఆ సంగతి మళ్ళీ చెబుతాను. తెల్లారి చల్లారాక తిప్పి చూశాను. పాతది 5.0, కదల్లేదు. కొత్తది 4.4. చల్లారినా సత్తువ తిరిగి రాలేదు. రాదు కూడా, పోయింది పోయినట్టే.

అయస్కాంతాల్లో రకాలున్నాయి. మామూలు ఎన్ గ్రేడ్ నియోడిమియం 80 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఎస్‌హెచ్ రకం 150 దాకా. ఆ వేడికి ఆగడానికి అందులో డిస్ప్రోసియం, టెర్బియం లాంటి అరుదైన లోహాలు కాస్త కలుపుతారు. 2025 ఏప్రిల్ 4న చైనా వీటి ఎగుమతికీ, ఇవి కలిసిన అయస్కాంతాల ఎగుమతికీ లైసెన్సు తప్పనిసరి చేసింది. మన దేశంలో పెద్ద పెద్ద బండ్ల కంపెనీలే తలలు పట్టుకున్నాయి. నాకు సరుకిచ్చే ఆయన అంతకుముందు మోటార్లు పూర్తిగా తయారైనవే తెప్పించేవాడు. తర్వాత విడిభాగాలు తెచ్చి ఇక్కడే బిగించడం మొదలెట్టాడు. ఎస్‌హెచ్ దొరక్క మామూలువి అంటించాడని నా అనుమానం. ఆ కష్టం నాకు అర్థమవుతుంది. నాకూ ఫోన్ చేసి "ఈసారి ఇవే ఉన్నాయి, తీసుకుంటారా?" అని అడిగి ఉంటే వద్దనేవాణ్ణి, లేదా చదును రోడ్ల వాళ్ళకి మాత్రమే పెట్టేవాణ్ణి. అదే స్టిక్కరు, అదే నంబరు, అదే ధర. బిల్లు మీద కూడా ఎస్‌హెచ్ అనే రాసి ఉంది.

నాలుగేళ్ళుగా అతని దగ్గరే కొంటున్నాను. ఒక్కసారి కూడా బాకీ పెట్టలేదు. నోట్‌బుక్ ఫోటో, మల్టీమీటర్ వీడియో పంపిస్తే రెండు రోజులు నీలం టిక్కులు తప్ప జవాబు లేదు. మూడోరోజు వాయిస్ మెసేజ్. "ఇది విమానం మోటారు సార్. స్కూటర్‌కి పెట్టుకోమని మేం చెప్పామా?"

ఆ ఒక్క మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. నాలుగేళ్ళుగా నేను స్కూటర్లకే కొంటున్నానని అతనికి తెలుసు. నా షాపు ఫోటోలు తన స్టేటస్‌లో పెట్టుకున్నాడు కూడా. పైగా అందులో సగం నిజం ఉంది, మంట అక్కడే. విమానంలో ఈ మోటారు ముందు రెక్క తిరుగుతుంది, ఆ గాలే దాన్ని చల్లబరుస్తుంది. రెక్కకి నెమ్మదిగా తిరిగేటప్పుడు బరువు దాదాపు ఉండదు, వేగం పెరిగేకొద్దీ బరువు పెరుగుతుంది. స్కూటర్‌ది తలకిందులు వ్యవహారం. కదలకుండా ఉన్నప్పుడే ఎక్కువ లాగాలి, గాలి మాత్రం ఉండదు. బ్యాటరీ నుంచి 9 ఆంపియర్లకి మించి రాకుండా నేను కట్టేసినా, ఎత్తులో నెమ్మదిగా పాకేటప్పుడు మోటారు చుట్టల్లో 30 దాకా పారుతుంది. ఆంపియర్లు రెట్టింపైతే వేడి నాలుగింతలు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. సముద్రపు ఉప్పుగాలికి తుప్పు పట్టకూడదని మోటారు మీద ప్లాస్టిక్ కవర్ బిగించింది నేనే. ఉన్న కాస్త గాలికీ నేనే తలుపేశాను. మంచి అయస్కాంతాలు ఆ ఉక్కను ఓర్చుకున్నాయి కాబట్టి 60 బండ్ల దాకా నాకు తెలియలేదు.

ఇక నన్ను మూడు వారాలు నిద్రపోనివ్వని విషయం. ఇంత గొడవ ఎందుకు, అందరిలా చక్రంలోనే మోటారు ఉండే హబ్ మోటారు పెట్టేయరాదా అని మా మెకానిక్ కుర్రాడు అన్నాడు. మా అమ్మాయి కూడా అదే మాట. రెండు తెప్పించి, బండ్లకి బిగించి పదిహేను రోజులు నేనే తిరిగాను. చప్పుడు లేదు. బెల్టు లేదు, బెల్టు బిగింపు లేదు, వాన నీటి బెంగా తక్కువే. రోజూ రాత్రి కాగితం మీద గీత గీసి అటూ ఇటూ రాసేవాణ్ణి, ప్రతిరోజూ హబ్ వైపే పొడుగ్గా ఉండేది. అయినా చెయ్యి రాలేదు. వెనక చక్రం బరువెక్కి, గతుకులో పడితే వీపుకి తెలుస్తుంది. నేను తెచ్చిన రకానికి పళ్ళ చక్రం మార్చి "మీది కొండ కాలనీ కదా, ఒకటికి ఆరు వేస్తాను" అనే వీలు లేదు. హబ్ కాకుండా సాదా 250 వాట్ల బ్రష్ మోటారు పెడదామంటే అది రెండు కిలోల పైనే తూగుతుంది, నాది తొమ్మిది వందల గ్రాముల లోపు. మడిచి చంకన పెట్టుకుని బస్సెక్కే బండి అని కదా మీరు కొన్నది.

ఇవన్నీ కారణాలే. అసలు కారణం కూడా రాసేస్తాను. హబ్ మోటారు పెట్టినరోజు నుంచి నేను డబ్బాలు విప్పి బిగించేవాణ్ణి మాత్రమే. విమానం మోటారు బండి అని మీరు పెట్టిన పేరు మీదే ఈ షాపు నిలబడింది. ఒకడు అయస్కాంతాలు మార్చి, "మేం చెప్పామా" అన్నాడని దాన్ని వదిలేస్తే అతనన్నదే నిజమవుతుంది. ఇది మొండితనమని మా ఆవిడ అంటోంది. కావచ్చు. విమానం మోటారుతోనే ఉంటాను.

కానీ నా మొండితనానికి మీరెందుకు కట్టుబడాలి? 28 మందిలో ఎవరికైనా హబ్ మోటారే కావాలంటే అదే బిగిస్తాను, ధరలో తేడా ఉంటే వెనక్కిస్తాను. అడిగితే ఇస్తాను. అడగకపోతే బాగుణ్ణు.

కొత్త మోటార్లు వేరే ఊరి నుంచి వచ్చాయి. ఈసారి స్టిక్కరు నమ్మలేదు. ప్రతి పెట్టెలోంచి రెండేసి తీసి ఓటీజీలో కాల్చి, చల్లార్చి, తిప్పి చూశాను. అన్నీ 5.0 దగ్గరే నిలబడ్డాయి. ప్రతి మోటారు చుట్టల్లో వేడి కొలిచే చిన్న సెన్సార్ పెడుతున్నాను. అది 85 డిగ్రీలు దాటితే కంట్రోలర్ తనే ఆంపియర్లు తగ్గిస్తుంది. పెద్ద ఎత్తులో బండి మధ్యలో నెమ్మదిస్తే కంగారు పడకండి, చెడిపోవడం కాదు. ప్లాస్టిక్ కవర్ తీసేసి జల్లెడ కవర్ వేస్తున్నాను. తుప్పు కొంచెం పడుతుంది, పడనివ్వండి, ఆరు నెలలకోసారి నేను తుడిచి నూనె రాస్తాను. కొత్తగా కొనేవాళ్ళకి బండి ధర 1,800 రూపాయలు పెరిగింది. 88 లోపు వాళ్ళకి ఈ మార్పుల్లో దేనికీ ఖర్చు లేదు.

ఈలోగా బండి వాడొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. చదును రోడ్డు మీద వాడండి. ఎత్తు వస్తే దిగి నడిపించండి. వెనక చక్రానికి ఫ్రీవీల్ ఉంది కాబట్టి లోపల అయస్కాంతం ఊడి మోటారు పట్టేసినా చక్రం పట్టెయ్యదు, ఆ భయం వద్దు. ఆగాక మోటారు మీద చెయ్యి పెట్టి మూడు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోజుకి ఆపేయండి.

రోజుకి నాలుగు బండ్లే చేయగలను. ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకోండి, ఆదివారం కూడా షాపు తీసే ఉంటుంది. ఛార్జర్ తేనక్కర్లేదు. మొదటి బండి మాస్టారిది, బుధవారం ఇచ్చేశాను. నిన్న సాయంత్రం ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "2:08" అని ఉంది, ఇంకేమీ లేదు.

ఓటీజీ సంగతి: కొత్తది కొన్నాను, పాతది షాపుకి తెచ్చేశాను. ఇక స్పీడు పెరిగిందని నాకు థాంక్స్ చెప్పిన 72, 79 నంబర్ల కుర్రాళ్ళిద్దరూ, మీరే ముందు రావాలి.