కార్తీకంలో రా, బావా

సువాన్,
16 ఫిబ్రవరి 2025

ఒరేయ్ బావా,

కొరియా చూడ్డానికి ఎప్పుడు రమ్మంటావని మొన్న ఫోన్లో నువ్వడిగిన దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. కానీ ఒక్క ముక్క చెబితే ఊరుకునే రకానివా? ఎందుకు, ఏమిటి, ఎంతవుతుంది అని ప్రాణం తీస్తావు. ఇవాళ ఆదివారం. బయట చలి, గదిలో నేల వెచ్చగా ఉంది. బోర్లా పడుకుని తీరిగ్గా రాస్తున్నాను. ఓపిక లేకపోతే చివరికి వెళ్ళి చూసుకో.

చెర్రీ పూలకి టికెట్లు చూస్తున్నానన్నావు. చూడకు.

పోయిన ఏడు నేను దిగిన నెలకే ఆఫీసు కుర్రాళ్ళు జిన్హే తీసుకెళ్ళారు. దక్షిణాన సముద్రం ఒడ్డున ఉన్న నౌకాదళం ఊరది. ఎక్కడ చూసినా చెర్రీ చెట్లే. మార్చి ఆఖర్న పెద్ద పూల పండగ చేస్తారు. పండగ తేదీలు ముందే వేసేశారు, ఆ సంగతి చెట్లకి ఎవరూ చెప్పలేదు. మేం వెళ్ళేసరికి అన్నీ మొగ్గలే. యోజ్వాచన్ కాలవ వంతెన మీద మాత్రం తీర్థంలో ఉన్నంత జనం. తప్పిదారి పూసిన ఒక్క కొమ్మ దగ్గర యాభై ఫోన్లు. ఇంకో పది రోజులకి మా ఇంటి వెనక సందులోనే చెట్లు విరగబూశాయి, డబ్బూ బస్సూ అక్కర్లేకుండా. రెండు రోజులు కళ్ళనిండా చూశాను. మూడో రోజు వాన. తెల్లారి రోడ్డు చూస్తే పెళ్ళయిన మర్నాడు పందిట్లో తడిసిన అక్షింతల్లా ఉంది. అంతే, అయిపోయింది. ఏడెనిమిది రోజుల పూల కోసం సముద్రాలు దాటి రావడం జూదం కాదూ? పైగా ఆ రోజుల్లోనే గోబీ ఎడారి నుంచి పసుపు దుమ్ము వస్తుంది. పొద్దున్నే కారు అద్దం మీద వేలితో పేరు రాయొచ్చు.

వసంతంలో నాకు మిగిలింది వేరే. పోయిన మే 15న బుద్ధుడి పుట్టినరోజు. మనకి వైశాఖ పున్నమి, వీళ్ళకి చాంద్రమానంలో నాలుగో నెల ఎనిమిదో రోజు. ఆ సెలవుకి దేగు మీదుగా బస్సులో హేఇన్సా అనే బౌద్ధుల గుడికి వెళ్ళాను, గయాసన్ కొండ మీద. ఆవరణంతా కాగితపు తామర దీపాలు, ఒక్కోదానికి మొక్కుకున్నవాళ్ళ పేరు చీటీ వేలాడుతోంది. వచ్చినవాళ్ళందరికీ ఉచితంగా భోజనం. మన అన్నదానం లైనే అనుకో, తోసుకోవడం తక్కువ. గుడి వెనకాల పొడుగాటి చెక్క గోదాముల్లాంటివి ఉన్నాయి. వాటిల్లో ఎనభై వేల పైచిలుకు చెక్క పలకలు, రెండు వైపులా చెక్కిన బౌద్ధ గ్రంథాలు! 13వ శతాబ్దంలో మంగోలుల దండయాత్రలు జరుగుతుండగా చెక్కారట. చెక్క పలకలు ఇన్నాళ్ళు చెద పట్టకుండా ఎలా ఉన్నాయా అని నేనూ నీలాగే అనుకున్నాను. ఒక పక్క గోడకి కింది కిటికీలు పెద్దవి, పైవి చిన్నవి. ఎదుటి గోడకి తిరగేసి, కిందివి చిన్నవి, పైవి పెద్దవి. గాలి లోపలికొచ్చి ఓ చుట్టు తిరిగి గానీ బయటికి పోదు. నేలలో బొగ్గు, సున్నం, ఉప్పు కలిపి కొట్టారు, తేమ ఎక్కువైతే పీల్చుకుంటుంది. కిటికీ చువ్వల సందుల్లోంచి తొంగి చూస్తుంటే, పక్కనున్న పెద్దాయన ఎక్కణ్ణుంచి వచ్చావన్నాడు. చెప్పాను. "యోంగ్సు" అని చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. యోంగ్సు అంటే వీళ్ళ భాషలో నాగార్జునుడు! ఆయన గ్రంథాలూ ఆ పలకల్లో ఉన్నాయి. నాగార్జునకొండ అంటే మనకి మాత్రం పదో తరగతి ఎక్స్‌కర్షన్లో లాంచీలో నువ్వు వాంతి చేసుకోవడమే గుర్తు.

వేసవి గురించి అడగకు. జూన్ ఆఖర్న ముసురు పట్టుకుంటే ఇంచుమించు నెల వదలదు, జాంగ్మా అంటారు. ఆ తర్వాత వచ్చేది ఎండ కాదు, ఉక్క. విజయవాడలో పుట్టినవాణ్ణి, నేనే హరీమన్నాను. చెట్ల మీద కీచురాళ్ళ గోల పగలల్లా పిండిమరలో ఉన్నట్టే. ఆ ఉక్కలో మూడు రోజులు ప్రత్యేకంగా లెక్కపెట్టుకుని, పొగలు కక్కే కోడిపిల్ల పులుసు తాగడానికి హోటళ్ళ ముందు క్యూలు కడతారు. వేడిని వేడితోనే దించాలట, ముల్లుని ముల్లుతోనే అన్నట్టు. అది నీకు పనికిరాదులే. నీకు పనికొచ్చేది కోంగుక్సు. సోయా గింజలు నానబెట్టి, ఉడకబెట్టి, మెత్తగా రుబ్బి, ఆ చిక్కటి పాలని ఐసులా చల్లబరిచి గోధుమ నూడుల్స్ మీద పోస్తారు. అందులో ఉప్పు వెయ్యాలని సియోల్ వాళ్ళూ, పంచదార వెయ్యాలని నైరుతిన ఉన్న జొల్లా వాళ్ళూ కొట్టుకుంటారు. పులుసులో బెల్లం గురించి మన జిల్లాలు కొట్టుకోవూ, అదే తంతు.

ఇంకోటి, హోటల్లో వడ్డించే ఆవిణ్ణి "ఇమో" అని పిలుస్తారు. ఇమో అంటే అమ్మ చెల్లెలో అక్కో. ముక్కూ మొహం తెలీనావిణ్ణి పిన్నీ అంటే పలకడం, ఇంకో గిన్నె కూర తెచ్చి పడెయ్యడం! వచ్చిన మొదటి వారంలో పట్టుకున్న నా బెంగ అక్కడే సగం తీరింది.

పోయిన సెప్టెంబరు 17న వచ్చింది చుసొక్, వీళ్ళ పెద్ద పండగ. ఆ రోజు మనకి భాద్రపద పున్నమి, మర్నాటి నుంచి మహాలయ పక్షం. మనం పెద్దలకి తర్పణాలు వదిలే రోజులకి గుమ్మంలోనే వీళ్ళు పెద్దలకి పళ్ళేలు పెడతారు. అంతకు రెండు వారాల ముందు మా టీములో ఒకతను సమాధులు శుభ్రం చెయ్యడానికి వాళ్ళ ఊరు తీసుకెళ్ళాడు. కొండవాలున గుండ్రటి మట్టి దిబ్బలు, మోకాలెత్తు గడ్డి. అన్నదమ్ములు నలుగురూ మిషన్లతో గడ్డి కోసి, సారా పోసి, చాప పరిచి సాష్టాంగపడ్డారు. తర్వాత అక్కడే కూర్చుని పుచ్చకాయ కోసుకు తిన్నాం. తాత మీద జోకులేసి నవ్వుకున్నారు కూడా.

అక్టోబరులో సొరాక్సాన్ అనే కొండ ఎక్కాను. అందులో ఉల్సాన్‌బావి అని బోడి రాతి శిఖరం ఉంది. పూర్వం కుమ్‌గాంగ్ పర్వతం దగ్గర శిఖరాలన్నిటినీ పోగేస్తున్నారని తెలిసి దక్షిణాన ఉన్న ఉల్సాన్ ఊరి నుంచి ఈ రాయి బయల్దేరిందట. దారిలో ఆలస్యమై, ఇక చోటు లేదని తెలిసి, ఊరికి తిరిగెళ్ళడానికి మొహం చెల్లక ఇక్కడే కూలబడిందట. మెట్ల దగ్గర నేనూ అలాగే కూలబడ్డాను. డెబ్భై ఏళ్ళ ఆడవాళ్ళు రంగురంగుల టోపీలు, కర్రలతో నన్ను దాటి పోతున్నారు. ఒకావిడ ఆగి సంచిలోంచి చెక్కు తీసిన దోసకాయ చేతిలో పెట్టి, ఏమీ మాట్లాడకుండా పైకెళ్ళిపోయింది. కొండ మీద వీళ్ళకి దోసకాయే మంచినీళ్ళు.

ఇప్పుడు అసలు సంగతి. నవంబరు ఆఖర్న కిమ్చి, అంటే వీళ్ళ క్యాబేజీ ఊరగాయ, పెట్టే రోజులొస్తాయి. గిమ్జాంగ్ అంటారు. 2013లో యునెస్కో జాబితాకి కూడా ఎక్కింది. ఆ మాట పక్కన పెట్టు, వేసవిలో మీ పెరట్లో అత్తయ్య ఆవకాయ పెట్టే రోజు గుర్తు తెచ్చుకో. ఎవరు కాయలు కడగాలి, ఎవరు తుడవాలి, తడి చెయ్యి పెట్టినవాణ్ణి ఎవరు తిట్టాలి, అంతా అదే. మా ఓనరమ్మ ముందురోజు సాయంత్రమే క్యాబేజీలు నిలువునా చీల్చి, రేకు రేకుకీ ఉప్పు జల్లి నానేసింది. మన గుండ్రటి క్యాబేజీ కాదు, పొడుగ్గా అరటి మొవ్వులా ఉంటుంది. పొద్దున్నే తెల్లటి మొదలు వంచి చూపించింది. టప్పున విరిగితే ఇంకా ఊరలేదన్నమాట, రబ్బరులా వంగితే అయినట్టు. పెద్ద ఎర్ర ప్లాస్టిక్ తొట్టెలో ముల్లంగి తురుము, ఉల్లికాడలు, వెల్లుల్లి, అల్లం, బియ్యప్పిండి జావ, ఉప్పు రొయ్యలు, కారం. నలుగురం రబ్బరు గ్లవ్స్ వేసుకుని నేల మీద కూర్చున్నాం. లోపలి రేకు నుంచి మొదలెట్టి ఒక్కో రేకుకీ ముద్ద రాయాలి, చివరికి బయటి పెద్ద రేకుతో మొత్తం చుట్టేసి డబ్బాలో పేర్చాలి. నేను ధారాళంగా పూస్తుంటే, "అంత కాదు" అని చేతి మీద కొట్టింది. అప్పుడప్పుడు ఒక లేత రేకు చించి, ముద్ద చుట్టి, మా నోట్లో పెట్టేది. ఆవకాయ కలిపిన పళ్ళెంలో వేడన్నం కలిపి అత్తయ్య మనకి ముద్దలు పెట్టలేదూ? గొంతు పట్టేసింది, కారం అని బొంకాను.

వీళ్ళ కారం ఎర్రగా ఉంటుందే గానీ పస లేదు. నేను గొప్పకి పోయి మా అమ్మ పంపిన గుంటూరు కారం తెచ్చాను. చిటికెడు నాలిక మీద వేసుకుంది. ఒక నిమిషం పలుకు లేదు. రెండు గ్లాసులు నీళ్ళు తాగింది. తర్వాత నవ్వి, ఒక చిన్న డబ్బాలో మాత్రం చెంచాడు కలిపి, మూత మీద నా పేరు రాసి కిమ్చి ఫ్రిజ్‌లో పెట్టింది. అవును, కిమ్చికి ఇంకో ఫ్రిజ్ ఉంటుంది ఇళ్ళల్లో. మునుపు జాడీలు భూమిలో పాతేవాళ్ళట.

ఇది అయిన రెండు రోజులకే, నవంబరు 27న, మంచు పడింది. 1907లో లెక్కలు మొదలయ్యాక సియోల్లో నవంబరు నెలలో అంత మంచు ఎప్పుడూ లేదట. మా సువాన్‌లో నలభై సెంటీమీటర్లు దాటింది. చెట్లకి ఆకులింకా రాలలేదు. ఎర్రటి మేపుల్ ఆకుల మీద తెల్లటి మంచు, బరువుకి రాత్రంతా కొమ్మలు ఫెళ్ళున విరుగుతున్న చప్పుడు. అంత అందాన్ని భయంతో చూడటం అదే మొదలు.

చలికాలం గురించి ఏముంది, ఈ వెచ్చటి నేలే. ఓందోల్ అంటారు. ఒకప్పుడు వంటింటి పొయ్యి పొగ గది నేల కింద రాతి పలకల సందుల్లోంచి పోయేది, ఇప్పుడు వేడినీళ్ళ గొట్టాలు. మంచం అమ్మేద్దామనుకుంటున్నాను.

కాబట్టి, కార్తీకంలో రా. నవంబరు మొదట్లో దిగితే నేజాంగ్‌సాన్ మేపుల్ అడవి మంచి రంగు మీద ఉంటుంది. అక్కణ్ణుంచి గుళ్ళో రెండు రాత్రులు ఉందాం. డబ్బు కడితే భోజనం, బస ఇస్తారు. తెల్లారుజామున లేపి నూట ఎనిమిది దణ్ణాలు పెట్టిస్తారు, నీ పొట్టకి మంచిదే. అత్తయ్యకి బెంగ వద్దని చెప్పు: గుడి వంటలో నీచు లేదు, ఉల్లీ వెల్లుల్లీ కూడా తగలవు, కార్తీక నియమం చక్కగా సాగుతుంది. బయట మాత్రం కిమ్చి ముట్టుకునే ముందు నన్నడుగు, రొయ్యలుంటాయి. సెలవు దొరికితే ఆఖరి వారం దాకా ఉండు, తొట్టె దగ్గర ఒక జత చేతులు తక్కువ పడుతున్నాయి. నా ప్రాజెక్టు ఇంకో ఏడాది పొడిగించారు, గది ఉంది. వీసా ముందే పెట్టుకో, చివరి నిమిషం దాకా లాగకు.

వచ్చేటప్పుడు గుంటూరు కారం అరకిలో పట్రా. నా పేరు రాసిన ఆ డబ్బా జనవరిలో తీశారు. ఇప్పటికి నాకు దక్కింది నాలుగు ముక్కలు. మిగతాదంతా ఓనరమ్మే తినేసింది, ఇంకా ఉందా అని నిన్న మళ్ళీ అడిగింది.

నీ
బావ