స్టేషన్‌లో మంచుకొండల గురించి చెప్పిన పెద్దాయనకు

అయ్యా, మీ పేరు అడిగేలోపే మీ రైలు వచ్చేసింది. విజయవాడ స్టేషన్‌లో ఢిల్లీ రైలు ఆలస్యమై కూర్చున్న మా పిల్లలు మనాలీ వైపు ట్రెక్కింగ్‌కి వెళ్తున్నారని విని, సియాచిన్‌లో పనిచేసిన మీరు మంచుచరియలు (అవలాంచ్) విరిగిపడే ప్రమాదం గురించి అంత ఓపిగ్గా చెప్పినందుకు మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు.

మంచు పొరలు పొరలుగా పేరుకుంటుందని, అడుగున బలహీనమైన పొర ఉంటే పైదంతా పలకలా ఒక్కసారిగా జారిపోతుందని ఈ ఎండల ఊళ్లో మాకెవరు చెబుతారు? అలా ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలులోనేనని, ఆ వాలు ఎంతుంటుందో మా అబ్బాయి నోట్‌బుక్ అట్ట వంచి మరీ చూపించారు. బాగా మంచు కురిశాక ఒకటి రెండు రోజులు, గాలి మంచును తెచ్చి పోగేసిన వైపు, మరీ జాగ్రత్త అన్నారు. కాలు పెట్టగానే మంచు ధబ్‌మని కుంగినా, పాదాల దగ్గర నుంచి పగుళ్లు పరిగెత్తినా ఇక ముందుకెళ్లొద్దన్నారు. పూడుకుపోయినవాళ్లను మొదటి 15 నిమిషాల్లో తీయగలిగితేనే ఆశ ఎక్కువట. అందుకే అనుమానమున్న వాలును ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్లు చూస్తుండాలి. ఆ మాట విన్నాక నాకు టెన్షన్ పెరిగింది, కానీ పిల్లలకు భయం కాదు, బుద్ధి వచ్చింది.

అక్కడ గైడ్ ఒక వాలు దగ్గర వెనక్కి తిప్పితే, ఎందుకో వాళ్లకే అర్థమైందట. క్షేమంగా ఇల్లు చేరారు. ఈసారి బెజవాడ వస్తే మా ఇంట్లో భోజనం చేసే వెళ్లాలి.