ఆ మెట్లు ఎవరి లెక్కలోనూ లేవు

సంపాదకుల వారికి నమస్కారములు.

గత నెల మా మనవరాలి కళాశాల నుంచి ఇరవై మంది విద్యార్థులు క్షేత్ర సందర్శన పేరుతో మన విశాఖలో కంచరపాలెం వైపున్న ఒక కొండవాలు కాలనీకి బయలుదేరారు. రోడ్లు, కాలువల పనుల దగ్గర వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన నన్నూ తోడు రమ్మన్నారు. వారిలో చాలామంది నలభయ్యో మెట్టు దగ్గర నీడ చూసుకుని ఆగి, కిందికీ పైకీ ఫోటోలు తీసుకుని, ప్రశ్నావళి కాగితాలు అక్కడే నింపి వెనుదిరిగారు. పిల్లలను తప్పుపట్టను, పై ఇళ్లకు వెళ్లి తీరాలని వారికిచ్చిన కాగితంలో ఎక్కడా లేదు. నీళ్ల బిందెతో వారిని దాటుకుంటూ పోతున్న ఒకావిడ మాత్రం ఒక్క క్షణం నిలబడి, ‘ఫోటోలు తీసుకోండి బాబూ, కాకపోతే పైదాకా ఒచ్చి తీసుకోండి’ అంది. నేను ఆవిడ వెనకే ఎక్కాను.

చివరి ఇంటికి 164 మెట్లు. ఉద్యోగపు అలవాటు పోక లెక్కపెట్టాను, జేబులోని టేపుతో కొన్నింటిని కొలిచాను కూడా. ఒక మెట్టు ఎత్తు అయిదు అంగుళాలుంటే దాని పైది పద్నాలుగు అంగుళాలుంది. ఎదురెదురుగా ఇద్దరు వస్తే ఒకరు పక్కింటి గుమ్మంలోకి తప్పుకోవలసిందే. పట్టుకోవడానికి ఇనుప గొట్టం మొదటి మలుపు వరకే ఉంది. ఆపైన గోడే ఆధారం, గోడ లేని చోట దేవుడే ఆధారం. పక్కనే పారవలసిన మురుగు కాలువ రెండు చోట్ల మెట్ల మీదుగానే పారుతోంది. మొత్తం మీద లిఫ్టు లేని పదంతస్తుల మేడ ఎక్కినట్టయింది. ఆవిడ ఇల్లు పైనుంచి మూడోది; కుళాయి ముప్పయ్యో మెట్టు దగ్గర. పదిహేను లీటర్ల బిందె అంటే పదిహేను కిలోలు, అలాంటివి పొద్దున పనికి వెళ్లేలోగా ఆరు మోయాలని చెప్పింది. పైన కిటికీలోంచి చూస్తే హార్బరు క్రేన్లూ, వాటి వెనక సముద్రమూ కనిపించాయి. మన రియల్ ఎస్టేటు వారు చూస్తే ఆ దృశ్యానికి గజానికింత అని ధర కట్టేవారు.

ఈ లేఖ రాయడానికి అసలు కారణం కొలతలే. జనాభా లెక్కలకు ముందు జరిగే ఇళ్ల గణనలో, పట్టణాల్లో తాగునీటి వసతి 100 మీటర్ల లోపు ఉంటే దాన్ని ‘ఇంటికి దగ్గర’ అని నమోదు చేస్తారు. టేపు పెట్టి చూస్తే ఆవిడ కుళాయి 100 మీటర్ల లోపే ఉంది. కాబట్టి కాగితం మీద ఆవిడకు నీటి కష్టం అంతగా లేనట్టే. చదునైన వీధిలో 100 మీటర్లకూ, బిందెతో వందకు పైగా మెట్లకూ ఆ గడిలో తేడా తెలియదు. 2011 జనాభా లెక్కల్లో పది లక్షలకు మించిన జనాభా గల నగరాలన్నింటిలో, మురికివాడల్లో ఉండే కుటుంబాల వాటా మహా విశాఖలోనే అత్యధికమని, అది 44.1 శాతమని తేలింది. ముంబైలో 41.3 శాతం. ధారావి పేరు దేశమంతా తెలుసు, దాన్ని చూడటానికి విదేశీయులు డబ్బిచ్చి మరీ వెళ్తారు. కానీ ధారావి చదునైన నేల. ఒకే శాతం కింద లెక్కకు వచ్చినా, మన కొండవాలు కాలనీలలో పేదరికానికి ఎత్తు కూడా తోడైంది.

గ్యాసు బండ సంగతే తీసుకోండి. 14.2 కిలోల గ్యాసు, దానికి దాదాపు అంతే ఇనుము, వెరసి 30 కిలోల దాకా బరువు. బండి వాళ్లు దాన్ని కింద రామకోవెల దగ్గర దించి వెళ్లిపోతే, పైకి మోసిన కుర్రవాడికి వేరే కూలి ఇచ్చుకోవాలి. అంటే అందరికంటే తక్కువ సంపాదించే ఇల్లు అదే గ్యాసుకు అందరికంటే ఎక్కువ చెల్లిస్తోంది. 108 వాహనమూ అక్కడివరకే వస్తుంది. క్రితం ఏడు తన అత్తగారికి ఆయాసం వచ్చిన రాత్రి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా చీరతో కట్టి, నలుగురు పట్టుకుని దించారని ఆవిడ చెప్పింది. దీపం లేని మలుపులో సెల్‌ఫోన్ వెలుగు చూపింది తన పదేళ్ల కొడుకట. మన్యంలో డోలీ మోతల గురించి మీ పత్రికలో తరచు చదివి బాధపడుతుంటాం. కేజీహెచ్ పెద్దాసుపత్రికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, నగరం నడిబొడ్డున కూడా డోలీ ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

ఇంత కష్టమైతే ఖాళీ చేసి పోరాదా అని మావాళ్లలోనే ఒకరు అడిగారు. పూర్ణా మార్కెట్‌లో కూరలు దించేవాళ్లు, రైల్వే యార్డులో కూలీలు, మన అపార్టుమెంట్లలో తెల్లారగానే అంట్లు తోమేవాళ్లు ఊరికి ముప్పై కిలోమీటర్ల అవతల ఇల్లిస్తే బతకగలరా? నివాసం పోతే జీవనోపాధి పోతుందని, ఉపాధి హక్కు జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 1985లోనే బొంబాయి కాలిబాట నివాసుల కేసులో చెప్పింది. అదే కేసులో, తగిన పద్ధతిలో ఖాళీ చేయించవచ్చని కూడా చెప్పింది లెండి, అది వేరే చర్చ. ప్రమాదకరమైన అంచున ఉన్న ఇళ్లను మార్చక తప్పదని నేనూ ఒప్పుకుంటాను. మన కొండలు ఖోండలైటు రాయి; ఎండకూ వానకూ పిండిగా మారి ఎర్రమట్టి అవుతుంది. ఇంటి కోసం వాలును నిలువుగా తవ్వి, మురుగును ఆ మట్టిలోకే వదిలితే చరియ జారక మానదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ రేకులన్నీ ఎగరేసుకుపోయిన రోజును ఆ కాలనీలో ఎవరూ మరవలేదు.

మళ్లీ జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం ప్రకటించింది. దేశమంతటికీ ఒకే పత్రం కనుక అందులో మెట్ల గడి రాకపోవచ్చు. కానీ వార్డు సచివాలయాల సిబ్బంది ఇంటింటికీ ఎలాగూ తిరుగుతూనే ఉంటారు. కొండవాలు వార్డులకు విడిగా ఒక కాగితం వేసి, రోడ్డు నుంచి ప్రతి ఇంటికీ ఎన్ని మెట్లున్నాయో, కుళాయి ఏ మెట్టు దగ్గరుందో, పట్టుగొట్టం, దీపం ఎక్కడ ఆగిపోయాయో రాయించడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. ఆ జాబితాలో పైనుంచి కిందికి వస్తూ పనులు మంజూరు చేయాలి. ఇప్పటిదాకా నేను చూసిన ప్రతి పనీ కింద రోడ్డు దగ్గర మొదలై, డబ్బు అయిపోయిన మెట్టు దగ్గర ఆగింది. నేను సంతకం పెట్టినవీ వాటిలో ఉన్నాయి. అక్టోబరు వానలలోపు కనీసం పట్టుగొట్టాలు, దీపాలు వేయగలిగితే మేలు. ఆ 164 మెట్ల కొలతలు నా దగ్గర కాగితం మీద ఉన్నాయి. అడిగిన అధికారికి స్వయంగా తెచ్చి ఇస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టరు,
విశాఖపట్నం