కార్డుల సంగతి, మిగతా సంగతులు

సీతమ్మధార,
విశాఖపట్నం

చిరంజీవి చిన్నాకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఎండలు ఇంకా తగ్గలేదు, సాయంత్రం బీచ్ రోడ్డుకు వెళ్లినా గాలి వేడిగానే కొడుతోంది. ఆవకాయ పెట్టాను. పెద్ద జాడీ నీది, చిన్నది మాది. మీ నాన్నగారు చూసుకోకుండా పెద్దదాంట్లో గరిటె పెట్టారు. పొడి గరిటె కాబట్టి ఏమీ అనలేదు. చందనోత్సవం రద్దీ తగ్గాక సింహాచలం వెళ్లి నీ పేరున అర్చన చేయించాం.

నువ్వు ఫోను చేయడం బాగా తగ్గించావు. పని ఎక్కువేమోలే అని మీ నాన్నగారికి నేనే సర్దిచెబుతున్నాను. ఆయన పైకేమీ అనరు, ఫోను మోగినప్పుడల్లా తలెత్తి చూస్తారు.

మొన్న గోపాలపట్నంలో పెళ్లికి వెళితే బుజ్జి కలిసింది. భోజనాల దగ్గర, నలుగురూ ఉండగా, ‘బావ అమెరికాలో క్రెడిట్ కార్డులు వరసపెట్టి రద్దు చేస్తున్నాడు అత్తయ్యా’ అంది. పక్కనున్న రాజేశ్వరి పిన్ని ‘అయ్యో, ఉద్యోగం ఏమైనా...’ అని ఆపేసి, పనసపొట్టు కూర మారు వడ్డించుకుంది. ఆవిడ పూర్తిగా అన్న మాటల కంటే మింగేసినవే ఊళ్లో ఎక్కువ తిరుగుతాయి.

బుజ్జిని చేతులు కడుక్కునే చోట పట్టుకుని అడిగాను. కొత్త కార్డు తీసుకుంటే, మొదటి మూడు నెలల్లో చెప్పినంత ఖర్చు చేస్తే పాయింట్లు గుప్పిస్తారట, రెండో ఏడు రుసుము పడగానే కార్డు మూసేసి, కొన్నాళ్లకు మళ్లీ అదే తీసుకుని మళ్లీ పాయింట్లు కొట్టేయవచ్చట. సంక్రాంతికి విమానం టికెట్టు ఆ పాయింట్లతోనే కొంటావట. అంతేనా? అంతే అయితే సంతోషం. కాకపోతే మాత్రం నాకు చెప్పాలి.

బ్యాంకు లోన్ల సెక్షన్‌లో తల నెరిసినదాన్ని, ఊరుకోలేక బుజ్జి చేత అక్కడి నిబంధనలు చదివించుకున్నాను. పాఠం చెబుతున్నాననుకోకు. మూసేసి మళ్లీ తీసుకున్నంత మాత్రాన మళ్లీ కొత్తవాడివి అయిపోవు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వాళ్లు ఒక రకం కార్డుకు ఆ కొత్త కార్డు పాయింట్లు, అంటే బోనస్, జీవితంలో ఒక్కసారే అని రాసుకున్నారు. ఏడాది నిండకుండా మూసేస్తే ఇచ్చిన పాయింట్లు వెనక్కి తీసుకునే హక్కు కూడా ఉంచుకున్నారు. సిటీ బ్యాంకు వాళ్లు చాలా కార్డులకు, గత బోనస్ అందిన రోజు నుంచి 48 నెలలు ఆగమంటారు. అంటే నువ్వు మూసిన తేదీ కాదు, బోనస్ పడిన తేదీ రాసి పెట్టుకోవాలి. చేజ్ బ్యాంకులో, 24 నెలల్లో ఏ బ్యాంకుదైనా సరే అయిదు కార్డులు తీసుకున్నవాడికి కొత్తది ఇవ్వరట. ఈ లెక్క వాళ్లు పైకి ప్రకటించరట గానీ అందరికీ తెలుసట. మూసే ముందు ఆ ఖాతాలో పాయింట్లున్నాయేమో చూసుకో. వాడడమో, వేరేచోటికి మార్చుకోవడమో చేయకపోతే కార్డుతో పాటే పోతాయి.

సూరిబాబు మామయ్య సంగతి గుర్తుందా? నువ్వు చిన్నవాడివి, సగమే విని ఉంటావు. పూర్ణా మార్కెట్‌లో స్టీలు సామాన్ల కొట్టు వాళ్లు నెలనెలా డబ్బు కట్టే పథకం పెట్టారు. కొత్తగా చేరినవాళ్లకు మూతతో సహా పెద్ద స్టీలు డబ్బా. మామయ్య చేరాడు, డబ్బా తెచ్చుకున్నాడు, రెండో నెలకే మానేసి కట్టింది వెనక్కి తీసుకున్నాడు. తర్వాత అత్తయ్య పేరున. ఆ తర్వాత, చేతికర్ర లేనిదే గుమ్మం దిగలేని మా నాన్న పేరున. చివరికి తన పేరే ఇంటిపేరు వెనక్కి వేసి. ఇంట్లో బియ్యానికీ పప్పుకీ పోను, ఖాళీ డబ్బాలు అటక మీద వరసగా ఉండేవి. ‘కొట్టువాడికి లెక్కలు రావు’ అని నవ్వేవాడు. పద్మ పెళ్లి కుదిరింది, సారె సామాను అరువుకి కావలసివచ్చింది. కొట్టాయన ఎర్ర అట్ట పుస్తకం తీశాడు. వేలు తడి చేసుకుని ఒక్కొక్క పేజీ తిప్పుతూ నాలుగు పేర్లూ వరసగా చదివి, ‘సామాను ఈ నలుగురిలో ఎవరికండీ, తమరికా, తమ నాన్నగారికా?’ అన్నాడు. మామయ్య వెంట నేనూ ఉన్నాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మొత్తం రొక్కం కట్టాకే బండి కదిలింది. అత్తయ్య గాజుల సంగతి నీకు తెలిసిందే.

నువ్వేదో తప్పు చేశావని అనడం లేదు. ఇల్లు కొనాలని అన్నావు కదా, అందుకు చెబుతున్నాను. కొత్త కార్డుకు అర్జీ పెట్టిన ప్రతిసారీ ఆ విచారణ నీ అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టులో రెండేళ్లు కనిపిస్తుంది. సక్రమంగా నడిపి మూసిన ఖాతా పదేళ్ల దాకా ఉంటుంది కాబట్టి దానికి భయం లేదు. చిక్కంతా పరిమితి దగ్గర, అంటే కార్డు మీద ఎంతవరకు వాడుకోవచ్చో ఆ మొత్తం దగ్గర. అన్ని కార్డులూ కలిపి పరిమితి 20,000 డాలర్లు, వాడకం 2,000 అనుకో, పది శాతం. 10,000 పరిమితి ఉన్న కార్డు మూసేశావో, అదే వాడకం ఇరవై శాతమై కూర్చుంటుంది. అప్పు ఇచ్చేవాళ్లు చూసే క్రెడిట్ స్కోరులో దాదాపు మూడో వంతు ఈ బాకీల లెక్కే. అందుకని రుసుము లేని పాత కార్డు జోలికి వెళ్లకు. రుసుము ఉన్నదైతే, మూసే ముందు రుసుము లేని రకానికి మారుస్తారేమో అడుగు. ఇల్లు కొనే ఏడాది కొత్త కార్డుల ఊసే వద్దు.

అన్నట్టు, నువ్వు బెంగళూరులో తీసుకున్న కార్డు కవరు ఇక్కడికి వచ్చింది. వార్షిక రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ. వాడని కార్డుకు ఈ దండగ ఎందుకు? బాకీ తీర్చేసి, రద్దు చేయమని ఈమెయిల్ పెట్టు. రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం, బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు వాళ్లే నీకివ్వాలి. మూసినట్టు వాళ్లు రాసిన జవాబు నాకు పంపించు, ఫైల్లో పెడతాను.

పాయింట్ల కోసం వాళ్లు చెప్పిన ఖర్చు మొత్తం చేరాలని అక్కర్లేనివి కొనకు. బియ్యం, పప్పు, కూరలు కొనుక్కో. రాత్రిళ్లు ఆ చల్లటి రొట్టెముక్కలతో సరిపెట్టుకోకు. టికెట్టుకు పాయింట్లు తక్కువైతే మొహమాటపడకు, నా ఫిక్సెడ్ డిపాజిట్ ఒకటి వచ్చే నెల తీరుతోంది. పాయింట్లతో కొన్నా, డబ్బుతో కొన్నా భోగికి ముందు రోజుకల్లా ఇంట్లో ఉండాలి. ఆవకాయతో పాటు మాడుగుల హల్వా కూడా కడుతున్నాను. పార్సిల్ వాడు చిరునామా అడుగుతున్నాడు, పాత ఇంట్లోనే ఉన్నావా?

ఆశీస్సులతో,
అమ్మ

తా.క. రాజేశ్వరి పిన్ని ఆదివారం మనింటికి వస్తానంది. నీ ఉద్యోగం సంగతి ఏమని చెప్పమంటావో శనివారంలోగా ఫోను చేసి చెప్పు.