మందు నీళ్లను విరిచే ఎంజైము గురించి

నల్లగొండ

ప్రియమైన యాదగిరికి,

పత్తికి పురుగుమందు కొట్టి, పిచికారీ చేసే తైవాన్ పంపు కడిగినప్పుడు ఆ తెల్లటి నీళ్లు కాలువలో కలుస్తున్నాయని, వాటిలోని విషాన్ని విరిచే మార్గమేమైనా ఉందా అని అడిగావు. మార్గం ఉంది, అది ఒక ఎంజైము, అంటే జీవకణాల్లో రసాయన చర్యలను వేగవంతం చేసే ప్రొటీను. దాని కథ నాకెంతో ఇష్టమైనది కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఒక్కో ఎంజైముది ఒక్కటే పని అని మనం ఇంటర్‌లో చదువుకున్నాం. నిజానికి చాలా ఎంజైములకు అసలు పనితో పాటు, అవసరం రాక మరుగునపడి ఉన్న నేర్పులు కూడా కొన్ని ఉంటాయి. తొలినాటి ఎంజైములు అనేక పదార్థాల మీద కొద్దికొద్దిగా పనిచేసేవని, నేటి ప్రత్యేకత వాటి నుంచే వచ్చిందని రాయ్ జెన్సెన్ అనే శాస్త్రవేత్త 1976లోనే వాదించాడు.

పారాథియాన్ అనే పురుగుమందు సంగతే చూడు. జర్మనీలో ష్రాడర్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని 1944లో తయారుచేశాడు. అంతకుముందు అలాంటి పదార్థం మట్టికి తెలియదు. అయినా 1973 నాటికే, ఫిలిప్పీన్స్ వరి మడి నుంచి దాన్ని విరగ్గొట్టే బ్యాక్టీరియాను సేతునాథన్, యోషిదా అనే శాస్త్రవేత్తలు వేరుచేశారు. అంత తక్కువ కాలంలో ఆ బ్యాక్టీరియాకు దాన్ని విరిచే ఎంజైము ఎక్కడి నుంచి వచ్చింది? లాక్టోన్లనే పదార్థాలను విరిచే పాత ఎంజైముకు, పారాథియాన్‌లో ఉండేలాంటి ఫాస్ఫేటు బంధాన్ని తెంచే శక్తి ఇసుమంత ఉండేదని, అది కొద్దిపాటి మార్పులతో పదునెక్కిందని ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకులు భావిస్తున్నారు. రెండు జింకు అయాన్ల మధ్య చిక్కిన నీటి అణువే పాత ఎంజైములోనూ కొత్తదానిలోనూ బంధాన్ని తెంచే కత్తి. పారాథియాన్ ద్రావణంలో ఆ ఎంజైమును కలిపితే, రంగులేని నీళ్లు చూస్తుండగానే పసుపు రంగుకు తిరుగుతాయి. బంధం తెగి నైట్రోఫినాల్ అనే ముక్క విడుదలైందనడానికి అదే గుర్తు, విషం చాలావరకు తగ్గిపోతుంది.

మనకు పరిచయమైన క్లోర్‌పైరిఫాస్ పురుగుమందు మీద మాత్రం ఆ ఎంజైము మందకొడి. ప్రయోగశాలలో జన్యువును మార్చి మార్చి, మేలైన వాటిని ఏరి, ఆ వేగాన్ని వందల రెట్లు పెంచారు. ఈ ఎంపిక పద్ధతికే 2018లో ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌కు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆస్ట్రేలియాలో సీఎస్ఐఆర్ఓ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఇదే జాతి ఎంజైమును, మందు కలిసిన నీళ్లను శుద్ధిచేసే పొడిగా కూడా తీర్చిదిద్దారు. పురుగుమందు తాగిన మనిషికి ఆసుపత్రిలో అట్రోపిన్ ఇస్తారు కదా, అది శరీరంలో విషం చేసే పనిని అడ్డుకుంటుంది తప్ప విషాన్ని విరవదు. నీళ్లలోనే దాన్ని విరిచేయగలగడం అందుకే నాకింత ముఖ్యంగా తోస్తుంది.

అలాంటి పొడి మన చేతికి వచ్చేదాకా, పంపు కడిగిన నీళ్లను కాలువలో పోయకుండా మందు కొట్టిన చేనులోనే చల్లేయమని మీ వాళ్లకు చెప్పు.

నీ మిత్రుడు,
శ్రీనివాస్