బంటిగాడి చిక్కం: సాయపడ్డవాళ్లందరికీ

జులైలో మా పెరటి కొబ్బరి దింపు అయిపోయింది. మా కుక్క బంటిగాడు బాగున్నాడు, దింపు తీసే తమ్ముడూ బాగున్నాడు. మార్చి నుంచి మమ్మల్ని అడుగుతున్నవాళ్లందరికీ ముందు ఆ మాట. మిగతాది, అంటే వాడి మూతికి సరైన చిక్కం బుట్ట ఎలా కుదిరిందో, కాస్త వివరంగానే రాస్తాను. తప్పు చేసింది నేను, దిద్దింది వేరేవాళ్లు.

అంబాజీపేట దగ్గర మా ఊరు. రెండు నెలలకోసారి పెరట్లో కొబ్బరి దింపిస్తాం. మార్చిలో గెల ధబీమని పడేసరికి బంటిగాడు బెదిరిపోయి, చెట్టు దిగుతున్న తమ్ముడి మడమ పట్టేశాడు. బంటిగాడికి ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నాం. అయినా ఆ ధీమాతో కూర్చోలేదు. తమ్ముడి గాయాన్ని కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాం. ఆ రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు, నాలుగుసార్లు సూదులు వేయించుకున్నాడు పాపం. పోయిన కూలి మేం ఇచ్చాం, అదేం గొప్ప కాదు. కుక్కను ఎక్కడైనా వదిలేసి రమ్మని చెప్పనిది మాత్రం ఆయనొక్కడే. "ఆయ్, దానికేం తెలుసండి, గెల పడితే నాకే గుండె ఝల్లుమంటది" అన్నాడు. మొదటి దండం ఆయనకి.

ఆ టెన్షన్‌లో నేను ఫోన్‌లో ఆర్డరు పెట్టి నైలాన్ మజిల్, అంటే కుక్క కరవకుండా మూతికి కట్టే పట్టీ, ఒకటి తెప్పించాను. గొట్టంలా ఉండి మూతిని బిగించి పట్టేస్తుంది. చేత్తో ముట్టుకుంటే మెత్తగా ఉంది, ఇంతకన్నా సుఖమైనది ఏముంటుంది అనుకున్నాను. మే దింపు రోజున అది తగిలించి వాణ్ణి వసారాలో కట్టేశాను. కోనసీమలో మే నెల ఉక్క ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అరగంట తర్వాత చూద్దును కదా, కాళ్లు చాపేసి పడి ఉన్నాడు. ముక్కుతో బుసలు, పట్టీ కిందనుంచి చొంగ.

పశువుల ఆసుపత్రి డాక్టరమ్మగారు ఫోన్‌లోనే, "ముందు అది విప్పేయండి. నీడలో పడుకోబెట్టి మామూలు నీళ్లు పోసి ఫ్యాను పెట్టండి, ఐసు వద్దు" అన్నారు. ఆదివారమైనా బండేసుకుని వచ్చారు. అప్పటికి జ్వరం 104. కుక్కకి 101 నుంచి 102.5 దాకా మామూలేనట. మనలా ఒళ్లంతా చెమట పట్టదు కాబట్టి నోరు బాగా తెరిచి రొప్పితేనే వాటి ఒంట్లో వేడి దిగుతుంది. నేను ఆ నోరే మూసేశాను. అలాంటి పట్టీ ఇంజెక్షన్ చేసే రెండు మూడు నిమిషాలకి తప్ప పనికిరాదని గట్టిగానే మందలించారు.

పడక్కుర్చీలోంచి అంతా విన్న మా మావయ్యగారు, "నూర్పుళ్లలో ఎద్దులకి చిక్కం కట్టేవాళ్లం కదమ్మా. గడ్డి అందేది కాదు గానీ, నోరు తెరవడానికీ ఊపిరికీ అడ్డేముంది? చిక్కమంటే బుట్ట. నువ్వు కట్టింది తాడు" అన్నారు. డాక్టరమ్మగారు నవ్వేసి, "అదేనండి, బాస్కెట్ మజిల్ అంటున్నారు ఇప్పుడు" అన్నారు. పద్దెనిమిదేళ్లుగా ఆయన చెప్పే ఎద్దుల కబుర్లు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను. మావయ్యగారూ, క్షమించాలి.

ఇక కొలతలు. వీధి చివర బట్టలు కుట్టే అక్క టేపు పట్టుకుని వచ్చింది. కళ్లకి కాస్త కిందనుంచి ముక్కు కొస వరకు పొడవు 9 సెంటీమీటర్లు. మూతి లావుగా ఉన్నచోట చుట్టుకొలత, నోరు మూసుకుంటే 23. ఆ లెక్కన బుట్ట కొంటే మళ్లీ అదే తప్పు. నోట్లో బంతి పెట్టి, నోరు తెరుచుకుని ఉండగా ఇంకోసారి కొలిపించారు డాక్టరమ్మగారు. బుట్ట లోపల అంత చోటు ఉండాలి. ముక్కు ముందు వేలి మందం ఖాళీ ఉండాలి, పై అంచు కళ్లకి తగలకూడదు, మెడ పట్టీ కింద ఒక వేలు దూరాలి. తోలుది మన చెమ్మకి బూజు పడుతుందనీ, ఇనుప తీగది తుప్పు పడుతుందనీ మెత్తటి ప్లాస్టిక్‌ది తీసుకున్నాం. మొదట వచ్చింది బిగుతైతే వెనక్కి పంపి పెద్దది తెప్పించాం. ముక్కు మీద ఒరుసుకోకుండా అక్క లోపల పాత ఫ్లానెల్ గుడ్డ కుట్టిపెట్టింది. డబ్బులిస్తే పుచ్చుకోలేదు.

తెచ్చిన రోజే తగిలించెయ్యలేదు. బుట్ట అడుగున పెరుగన్నం రాసి పట్టుకుంటే వాడే మూతి పెట్టేవాడు. నాలుగు రోజులు అంతే. తర్వాత క్షణం సేపు పట్టీ పెట్టి తీసేయడం, ఆ తర్వాత నిమిషం, ఐదు నిమిషాలు. పంజాతో గీరుకుంటే మర్నాడు మళ్లీ పెరుగన్నం దగ్గరికే. రెండు వారాలకి బుట్ట కనిపిస్తే తోక ఊపడం మొదలెట్టాడు. అది పెట్టుకునే నీళ్లు తాగుతాడు. మేం పక్కన ఉన్నప్పుడే పెడతాం, రాత్రుళ్లు పెట్టం. మొరక్కుండా రోజంతా ఉంచమన్న పెద్దాయన ఒకరున్నారు. ముందు ఆయన మైకుసెట్టుకి కట్టమనండి, తర్వాత చూద్దాం.

గోదావరి లంకలో ఉండే మా ఆడపడుచు కూడా కొలిచే పద్ధతి రాయించుకుంది. 2022 జులై వరదలో పడవ ఎక్కిస్తుంటే వాళ్ల కుక్క బెదిరి జనం మీదికి ఎగిరింది, ఆ భయం దానికింకా పోలేదు.

మొన్న దింపుకి బంటిగాడు బుట్టతోనే వసారాలో కూర్చున్నాడు. గెల పడ్డప్పుడల్లా ఉలిక్కిపడ్డాడు గానీ, నోరు హాయిగా తెరుచుకుని రొప్పుతున్నాడు. పని అయ్యాక తమ్ముడే దగ్గరికొచ్చి, సందులోంచి చిన్న కొబ్బరి ముక్క పెట్టాడు. అది మింగి రెండోదానికి కూడా మూతి చాపాడు వెధవ.

డాక్టరమ్మగారికి కాయలు ఆసుపత్రికే పంపించాను, కాదనకండి. అక్కా, బొండాల గెల మీ అరుగు మీద పెట్టించాను, చూసుకో.