పసుపు టీషర్టు తమ్ముడికి, మా సింగ్‌నగర్ వాళ్లందరికీ

రాత్రి రెండయింది, నిద్ర పట్టట్లేదు. నాలుగు సీసాల ఫినాయిల్ పోసినా ఇల్లు బురద వాసనే కొడుతోంది. చేతులు ఒరిసిపోయి ఫోన్ సరిగ్గా నొక్కలేకపోతున్నాను, తప్పులుంటే సర్దుకోండి. ఇప్పుడు రాయకపోతే ఇంక రాయలేను.

మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్, గ్రౌండ్ ఫ్లోర్ అద్దె ఇల్లు. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం బుడమేరు వాగు పొంగి మా ఇంట్లోకి వచ్చింది. దాని నీళ్లని వెలగలేరు నుంచి కృష్ణకి మళ్లించే కాలువ కట్టకి గండ్లు పడ్డాయని మాకు తర్వాతెప్పుడో తెలిసింది. అయినా ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణే 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతుంటే ఈ నీళ్లు ఎటు పోతాయి? మా ఆయన, ఓనర్ గారబ్బాయి కలిసి అత్తయ్యని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశారు. నా కుట్టు మిషను కిందే ఉండిపోయింది. వినాయక చవితికి ఇవ్వాల్సిన జాకెట్లు ఇరవై రెండు, అవీ కిందే. ఫ్రిజ్ పడిపోయి వరండాలో పడవలా తిరుగుతోంది. అత్తయ్య ఇన్సులిన్ అందులోనే ఉంది.

ఆదివారం సూది లేదు. సోమవారం లేదు. కరెంటు లేదు, ఫోన్లు చచ్చాయి. తాగే నీళ్లు కొలిచి ఇస్తుంటే ఆవిడేమో దాహం దాహం అంటున్నారు. మెయిన్ రోడ్డు మీద పడవలు తిరుగుతున్నాయి, మా సందులోకి మాత్రం ఒక్కటీ రాలేదు. తెగిన కేబుల్ వైర్లు అడ్డం. ఒక ప్రైవేటు పడవవాడు ఎంత అడిగాడో చెప్పను, చెప్తే మళ్లీ బీపీ వస్తుంది.

మంగళవారం మధ్యాహ్నం కింద నుంచి ఎవరో అరిచారు: "ఇన్సులిన్ మామ్మగారి ఇల్లు ఇదేనా?"

తొంగి చూస్తే పసుపు టీషర్టు కుర్రాడు. వెనక 7 నంబరు, ఏదో కబడ్డీ టోర్నమెంటుది. లారీ ట్యూబుల మీద తలుపు రెక్క కట్టిన తెప్పని సందు మొదట్లో వదిలేసి, గుండెల్లోతు నీళ్లలో గోడ పట్టుకుంటూ వచ్చాడు. నెత్తిన నీలం ఫ్లాస్కు. అందులో ఐస్ ముక్కలు, కవరులో చుట్టిన ఇన్సులిన్ సీసా, మూడు సిరంజిలు. ఇచ్చేసి రెండు మెట్లు దిగాడు. మళ్లీ వెనక్కి తిరిగాడు.

"అక్కా, మామ్మగారు తినడానికి ఏమన్నా ఉందా? తిండి లేకుండా సూది వేయకండి, కళ్లు తిరిగి పడిపోతారు."

ఏమీ లేదు. పొద్దున్నే ఆఖరి బిస్కెట్లు అయిపోయాయి. నేను మాట్లాడకపోయేసరికి నడుముకి కట్టుకున్న కవరు విప్పి పులిహోర పొట్లం తీశాడు. అది వాళ్ల కుర్రాళ్లు తినడానికి ఇచ్చిందని తర్వాత తెలిసింది. సూది వేసి, అత్తయ్య ఆ పొట్లం పూర్తి చేసేదాకా మెట్ల మీదే కూర్చున్నాడు. సందు చివర నుంచి వాళ్లు పిలుస్తుంటే "వస్తన్నా, మామ్మగారు తింటన్నారు" అని కేకేశాడు. అరికాళ్లు నాని తెల్లగా ముడతలు పడిపోయాయి, ఒక వేలు తెగి ఉంది. మిషను మునిగినప్పుడు ఏడవలేదు నేను. ఆ కాళ్లు చూసి ఏడ్చాను. పేరు అడగాలని కూడా తోచలేదు.

మా ఇల్లు ఎలా తెలిసిందా అనుకున్నాను. మా వీధి చివర చర్చి హాల్లో ఒక చిన్న సేవా సంస్థ వాళ్లు నెలకోసారి షుగర్ టెస్టులు చేస్తారు. అక్కడి మేడమ్ ఒక లాంగ్ నోట్‌బుక్కులో రాసుకుంటారు: ఏ సందు, ఎవరిల్లు, ఎవరికి సూది, ఎవరు మంచంలో ఉన్నారు. ఎందుకండీ ఇవన్నీ అని నేనే ఒకసారి విసుక్కున్నాను. నీళ్లొచ్చాక ఆ పుస్తకం పట్టుకునే బయల్దేరారట. మసీదు కమిటీ కుర్రాళ్లు తెప్పలు కట్టారు. ఫ్లైఓవర్ అవతల మందుల షాపాయన డబ్బుల మాట ఎత్తకుండా స్టాకు ఇచ్చాడు. పొదుపు సంఘం ఆడవాళ్లు చర్చి మేడ మీద వంట. ఎవరి పని వాళ్లు ముందే అనుకున్నట్టు చేశారు. ఎందుకంటే వాళ్లంతా నెలనెలా ఆ హాల్లో కలుస్తూనే ఉన్నారు, మనమే పట్టించుకోలేదు.

ఇంకో పుస్తకం సంగతి కూడా చెప్పాలి. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు మా ఇంటికి "తాళం వేసి ఉంది" అని రాసి వెళ్లారు. మోకాళ్లెత్తు బురదలో మేం లోపల కాపురం చేస్తామా? గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకి ప్రభుత్వం 25,000 రూపాయలు ఇస్తుందన్నారు. మూడుసార్లు తిరిగాను. "లిస్టులో లేదమ్మా" అంటారు. నీళ్లలో ఉన్నప్పుడు మా పేరు లాంగ్ నోట్‌బుక్కులో ఉంది, లిస్టులో మాత్రం లేదు. సరే, ఈ రోజు అది వద్దు.

మా తమ్ముడు గుంటూరు నుంచి వచ్చి వారం రోజులు బురద ఎత్తాడు, ఆడపడుచు మమ్మల్ని తన దగ్గర పెట్టుకుంది. వాళ్లకి థాంక్స్ చెప్తే తిడతారు.

అయ్యో, పైపులతో ఇల్లు కడిగిన ఫైరింజన్ వాళ్లు! వేరే ఊళ్ల నుంచి వచ్చి మా చెత్త ఎత్తిన పారిశుద్ధ్య కార్మికులు. మాకు మేడ మీద చోటిచ్చిన ఓనర్ గారు (మొదట రాయాల్సింది, ఆంటీ ఏమనుకోకండి). జాకెట్లు పాడైనా "పోనీలే" అన్న కస్టమర్లు, ఇద్దరు తప్ప.

మేడమ్ ఆ నోట్‌బుక్కుని మూడు కాపీలు రాయిస్తున్నారు. చర్చిలో ఒకటి, మసీదులో ఒకటి, మందుల షాపులో ఒకటి. ఈసారి ఎవరింట్లో నిచ్చెన ఉంది, ఎవరికి ఈత వచ్చు అని కూడా రాస్తున్నారు. మిషను రిపేరయ్యేదాకా నాకెలాగూ పని లేదు, ఒక కాపీ నేను రాస్తున్నాను. మా సందు అయిపోయింది, పక్క సందు రేపు.

తమ్ముడూ, నువ్వు ఇది చూస్తే, నీ నీలం ఫ్లాస్కు మా ఇంట్లోనే ఉండిపోయింది. మూత మెట్ల కింద బురదలో దొరికింది, కడిగి పెట్టాను. అన్నం టైముకే రా.